కార్యదర్శి ప్రతిపాదన

“నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కదా, ఇది కాస్త కొత్త పుస్తకంలోకి ఎక్కించి పెట్టు,” అంటూ ఆయన రెండు పుస్తకాలు వంటింటి గట్టు మీద పెట్టాడు. ఒకటి అట్ట నలిగిపోయిన, బడి కార్యవర్గం సమావేశాల పాత మినిట్స్ పుస్తకం. రెండోది కాగితం వాసన కూడా పోని కొత్తది. “ఆదివారం తల్లిదండ్రులకు చూపించాలట. ఈ కొట్టివేతలు చూస్తే లేనిపోనివి ఊహించుకుంటారు. అక్కడక్కడ పెన్సిల్‌తో రాశాను, అవి కూడా కలిపేసెయ్.”

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే “సరే” అంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఎక్కువసార్లు పలికిన మాట అదే.

ఊరి చివర ఆ బడిని ఆయనా, ఆయన అన్నగారూ, ఇద్దరు మిత్రులూ కలిసి ఇరవై ఏళ్ళ కిందట పెట్టారు. లాభం కోసం కాదు. పిల్లలు లెక్కలతో పాటు, నేల పాడవకుండా, నీళ్ళు వృథా కాకుండా, విరిగినదాన్ని విసిరేయకుండా బతకడం నేర్చుకోవాలని. చుట్టుపక్కల కుటుంబాలన్నీ తలా ఒక చెయ్యి వేసి గోడలు లేపాయి, మొక్కలు నాటాయి, తమ పిల్లల్ని తెచ్చి చేర్పించాయి. బడిలో అందరూ ఆయన్ని ‘అన్నయ్య’ అనేవారు, కాబట్టి ఆమె ‘వదిన’ అయింది. బడిలో వదినకు ఉద్యోగం లేదు. పని మాత్రం తెల్లారింది మొదలు ఉండేది. నూట ఇరవై మంది పిల్లల మధ్యాహ్న భోజనం చూసుకోవడం, జ్వరమొచ్చిన పిల్లను ఇంట్లో పడుకోబెట్టుకోవడం, విత్తనాలు ఆరబెట్టి పొట్లాలు కట్టడం, ఎక్కడెక్కడి నుంచో బడి చూడ్డానికి వచ్చినవాళ్ళకు వండి పెట్టడం, వాళ్ళు వెళ్ళాక దుప్పట్లు ఉతకడం. ఒక బకెట్ నీళ్ళతో రోజెలా గడపాలో ఆయన అవతల హాల్లో అతిథులకు వివరిస్తుంటే, ఆమె ఇవతల పెరట్లో ఆ అతిథుల దుప్పట్లు పిండేది. “మా ఆవిడే ఈ బడికి వెన్నెముక,” అని ఆయన అందరికీ పరిచయం చేసేవాడు. ఆ వెంటనే, “ఇదిగో, నాలుగు కాఫీలు,” అనేవాడు. వెన్నెముక వెనకే ఉంటుంది మరి, ముందుకొస్తే ఎలా అనుకుని ఆమె లోలోపల నవ్వుకునేది. అప్పట్లో అది నవ్వే.

పోయిన నెలలో బడి నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. పై మూడు తరగతులు మూసేస్తున్నామనీ, వెనక తోటను ఆఫీసుల వాళ్ళ శిక్షణ శిబిరాలకు ఇస్తున్నామనీ. కుటుంబాలు భగ్గుమన్నాయి. ఎవరు తీర్మానించారు, ఎప్పుడు, మాతో ఒక్క మాటైనా అనలేదేం అని అరవై కుటుంబాల వాళ్ళు సంతకాలు చేసి ఉత్తరం ఇచ్చారు. కార్యవర్గం మినిట్స్ చూపించాలన్నారు. అధ్యక్షుడైన బావగారు ఇంటికొచ్చి, “బడి పెట్టింది మనం. అడగడానికి వాళ్ళెవరు?” అని మండిపడ్డాడు. అప్పుడు కూడా ఆమె కాఫీ ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం వంటపాత్రలు సర్దేసి, కిటికీ పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో ‘హాజరైన సభ్యులు’ అని అయిదు పేర్లున్నాయి. అధ్యక్షుడు బావగారు. తర్వాత ఆయన. తర్వాత ఆయన మిత్రుడు డాక్టరుగారు. తర్వాత ఇంకో మిత్రుడు, రిటైరైన ఇంజనీరుగారు. అయిదో వరుసలో ‘కార్యదర్శి’ అని ఉండి, పక్కన ఆమె పేరుంది. తన పేరే ఉన్న ఇంకెవరో అనుకుంది ఒక్క క్షణం. కింద సంతకం చూసింది. చివరి అక్షరానికి తోక లాగే అలవాటు తనదే.

పేజీలు తిప్పుతూ పోయింది. ప్రతి సమావేశానికీ ఆమె హాజరే. అత్తగారి తుంటి విరిగి పదకొండు రోజులు ఆసుపత్రిలో కుర్చీలోనే కునుకు తీసిన నెలలోనూ హాజరే. ఎలా జరిగిందో గుర్తు తెచ్చుకోవడం కష్టమేం కాలేదు. పొయ్యి దగ్గరో, బట్టల దగ్గరో ఉండగా ఆయన కాగితాలు పట్టుకొచ్చి, “ఒక్క సంతకం పడెయ్,” అనేవాడు. “ఏంటండీ ఇవి?” అని మొదట్లో అడిగేది. “బడివే. చదివితే నీకు నిద్రొస్తుంది.” తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన వేలు చూపించిన చోట సంతకం పెట్టేది. ఆ తర్వాత్తర్వాత అడగడం మానేసింది. మానేసింది తనేనన్న సంగతి ఆమెకు ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

రెండేళ్ళ కిందటి పేజీ దగ్గర పెన్ను ఆగిపోయింది.

‘మట్టి పాఠాలు బోధిస్తున్న ఉపాధ్యాయురాలు సంస్థ స్ఫూర్తికి భిన్నంగా ప్రవర్తిస్తున్నందున, ఆమె సేవలను నిలిపివేయాలని కార్యదర్శి ప్రతిపాదించగా, సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.’

మట్టి టీచర్. పిల్లలు పెట్టిన పేరది. గుప్పెడు మన్ను అరచేతిలో పోసుకుని వాసన చూసి, దీనికి ఆకలేస్తోంది అని చెప్పగల మనిషి. తొమ్మిదేళ్ళ పాటు రోజూ మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని ఆమెతో పాటు తినేది. “వదినా, నువ్వు కూర్చుని తినడం నేనెప్పుడు చూస్తానే?” అని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టేది. అత్తగారు పోయాక, ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషే ఆ ఇంట్లో లేకుండా పోతే, అప్పుడప్పుడూ ఊరికే పేరు పెట్టి పిలిచేది. అలాంటి మనిషి ఒకరోజు రావడం మానేసింది. “తనే మానుకుంది. ఇంకెక్కడో మంచి అవకాశం వచ్చిందట,” అన్నాడు ఆయన. ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయిందని ఆమె ఎన్ని రోజులు కుమిలిందో. ఒకసారి కూరగాయల కొట్లో ఎదురుపడితే, మట్టి టీచర్ ఏరుకున్న వంకాయలు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అంత పొగరా అని ఆమె కూడా మనసు గట్టి చేసుకుంది. ఆర్నెల్ల కిందట మట్టి టీచర్ వాళ్ళమ్మ పోయిందని తెలిసి, చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి కూడా, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, నన్ను రానివ్వదు అనుకుని తిరిగొచ్చేసింది.

సాయంత్రం ఆయన రాగానే ఆ పేజీ చూపించి, “ఇది నేనెప్పుడు అన్నానండీ?” అని అడిగింది.

ఆయన పేజీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అప్పుడు స్టాఫ్ మీటింగ్‌లో పెద్ద గొడవ చేసిందిలే. కార్యవర్గంలో టీచర్లెందుకు లేరు, తల్లిదండ్రులెందుకు లేరు అని. మా అన్నయ్యకు కోపమొచ్చింది.”

“నా పేరెందుకు రాశారు?”

“ఆడమనిషిని తీసేసేటప్పుడు ఇంకో ఆడమనిషే ప్రతిపాదించినట్టుంటే బాగుంటుందని. మగవాళ్ళంతా కలిసి పంపించేశారన్న మాట రాకుండా.” తర్వాత, అదేదో ఆమెకు ఓదార్పు అన్నట్టు, “తనకిచ్చిన ఉత్తరంలో కూడా అంతే రాశాం. పేరు లేదులే, కార్యదర్శి అని మాత్రమే ఉంది,” అన్నాడు.

కార్యదర్శి ఎవరో మట్టి టీచర్‌కు తెలుసు. ఆ కార్యదర్శికే తెలియదు.

మర్నాడు పిల్లల భోజనాలయ్యాక ఆమె బస్సెక్కి మట్టి టీచర్ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన మనిషి చిక్కిపోయింది. లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. గదిలో చాప మీద ఇద్దరాడపిల్లలు ట్యూషన్ లెక్కలు చేసుకుంటున్నారు. వాళ్ళను బయట ఆడుకోమని పంపి, గోడకు ఆనుకుని నిలబడింది.

“నాకు తెలియదు టీచరూ. నిన్నే చూశాను. నేను అనలేదు.”

“సంతకం నువ్వు పెట్టావా, లేదా?”

“పెట్టాను. చదవకుండా పెట్టాను.”

మట్టి టీచర్ పిల్లలు వదిలెళ్ళిన పలకలు తీసి గోడవారన పెట్టింది. “ఆ ఉత్తరం అందినప్పుడు అన్నయ్య మీద కోపం రాలేదు వదినా. వాళ్ళన్నగారి మీదా రాలేదు. వాళ్ళు అంతేనని తెలుసు. నువ్వు రాశావనుకున్నాను చూడూ... నీ పక్కన కూర్చుని తిన్న ప్రతి ముద్దా తవ్వుకున్నాను. ఏ మాట తప్పుగా అన్నానా అని.” ఆగింది. “అమ్మ పోయినప్పుడు నువ్వొస్తావని చూశాను.”

“నువ్వు రానివ్వవనుకున్నాను.”

“రానిచ్చేదాన్ని కాదు. అయినా చూశాను.”

ఆమె చాప అంచున కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇంట్లో ఎన్నోసార్లు వచ్చిన ఏడుపు, ఇక్కడ ఏడ్చే హక్కు తనది కాదన్నట్టు ఆగిపోయింది. మట్టి టీచర్ మంచినీళ్ళు తెచ్చి నేల మీద పెట్టింది, చేతికివ్వలేదు. “చదవలేదన్నది మంచి మాటే. కానీ చదవకుండా పెట్టిన సంతకమే కదా నన్ను బయటికి పంపింది,” అంది.

తిరిగి వస్తున్నంతసేపూ బస్సులో ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఆదివారానికి ఉన్న రెండు రోజుల్లో మిగిలిన పేజీలన్నీ చదివింది, రాయడానికి కాదు. తోట గురించిన తీర్మానం పక్కన ఆయన పెన్సిల్‌తో, ‘కుటుంబాల అభిప్రాయం తీసుకోవడమైనది’ అని కలిపిన వాక్యం కూడా చదివింది. కొత్త పుస్తకం మొదటి పేజీ దాటలేదు. “ఎంతవరకూ వచ్చింది?” అని ఆయన అడిగితే, “చదువుతున్నాను,” అంది. ఆయన అది వినిపించుకోలేదు.

ఆదివారం ఉదయం హాలు నిండిపోయింది. కార్యవర్గానికి నాలుగే కుర్చీలు వేశారు. ఆమె ఒక పిల్లల స్టూలు తెచ్చుకుని వాళ్ళ పక్కన కూర్చుంది. బావగారు చిన్నగా, “లోపల టీ పనులు చూసుకోమ్మా,” అన్నాడు. ఆమె పాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. కొత్త పుస్తకం ఏదని ఆయన కళ్ళతోనే అడిగాడు.

తల్లిదండ్రుల తరఫున టైలరు లేచాడు. అతని కూతుళ్ళిద్దరూ మూసేస్తామన్న తరగతుల్లోనే ఉన్నారు. “మేం గొడవకు రాలేదండీ. ఈ గోడలు మా చేతులతో కట్టినవి. తోట ఇచ్చేయాలని ఎవరు ప్రతిపాదించారో చెప్పండి చాలు.”

“అన్నీ పుస్తకంలో పద్ధతిగా ఉన్నాయి,” అన్నాడు ఆయన.

ఆమె లేచి పుస్తకాన్ని టైలరు చేతికిచ్చింది. అతను చదివాడు, ఆగాడు, ఇబ్బందిగా ఆమె వైపు చూశాడు. “కార్యదర్శి ప్రతిపాదించారని ఉంది. సంతకం... వదినగారిది.”

హాల్లో గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఒక నర్సు, ఆరో తరగతి పిల్లాడి తల్లి, “పాపం, వదినకేం తెలుసండీ! వంటింట్లో ఉండే మనిషి. పెట్టమంటే పెట్టుంటుంది,” అంది. “అవునవును, ఆవిడకేం తెలియదు,” అన్నాడు ఆయన కూడా, ఒడ్డు దొరికినవాడిలా. బావగారూ తలూపాడు. అంతసేపూ ఒకరి మాట ఒకరికి పడని రెండు పక్షాలూ ఆ ఒక్క విషయంలో ఏకమైపోయాయి. అందరూ జాలిగా చూస్తున్నారు. ఆ జాలి చాటుకు తప్పుకుంటే చాలు, ఇంటికి వెళ్ళి అన్నం వండుకోవచ్చు.

“తెలియకపోవడం నిజమే,” అంది ఆమె. “ఇరవై ఏళ్ళు చదవకుండా సంతకాలు పెట్టాను. తోట గురించి కుటుంబాల్ని ఎవరూ అడగలేదు. అడిగామని పెన్సిల్‌తో రాసిన వాక్యం ఈ వారం కలిపింది. మట్టి టీచర్‌ని తీసేయమని నేను అనలేదు. కానీ తీసేసింది నా సంతకమే. దానికి పాపం అనకండి. అది నా తప్పు.” టైలరు చేతిలోని పుస్తకం వైపు చూపించింది. “ఇవాళ్టికి కార్యదర్శిని నేనేగా. అయితే కార్యదర్శిగా ప్రతిపాదిస్తున్నాను. తోటా తరగతుల తీర్మానం, టీచర్‌ని తీసేసిన తీర్మానం, రెండూ రద్దు చేయాలి. కొత్త కార్యవర్గాన్ని మీరంతా ఎన్నుకోవాలి.”

బావగారు, “ఇదేం తమాషా!” అని లేచాడు. అప్పటిదాకా తల వంచుకుని ఉన్న డాక్టరుగారు, “నేను బలపరుస్తున్నాను,” అన్నాడు మెల్లగా. కాసేపటికి ఇంజనీరుగారు కూడా చెయ్యెత్తాడు. అయిదుగురిలో ముగ్గురు. తోట మిగిలింది, తరగతులు మిగిలాయి, ఎన్నికకు తేదీ పెట్టారు. చప్పట్లు మోగుతుంటే ఆమె గుమ్మాల వంక చూసింది. ఎక్కడా మట్టి టీచర్ లేదు.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. “బడి కోసం నా జీవితమంతా పెట్టాను,” అన్నాడు. అందులో అబద్ధం లేదు, అందుకే ఆమెకు బాధేసింది. “ఎవరేమన్నా నువ్వు నా వెనక ఉంటావనుకున్నాను.”

“వెనకే ఉన్నానండీ. అందుకే ఏమీ కనపడలేదు.”

ఆ తర్వాత ఆ ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. రెండు రోజులకు టైలరూ నర్సూ వచ్చి, కొత్త కార్యవర్గంలో కూడా మీరే కార్యదర్శిగా ఉండాలని బతిమాలారు. “మీరుంటే చూడ్డానికి కూడా బాగుంటుంది వదినా,” అంది నర్సు, ఆప్యాయంగానే. బాగుంటుందన్న ఆ మాట ఆమె ఆయన నోటా విన్నదే. “పని చేయడానికైతే నేర్చుకుని పోటీ చేస్తాను. చూడ్డానికి బాగుండటానికైతే వద్దు,” అని పంపించింది.

కార్యదర్శిగా ఆమె రాసిన ఉత్తరం ఒకటే. దాన్ని పోస్టులో వేయలేదు, తనే పట్టుకెళ్ళింది. మట్టి టీచర్ గుమ్మంలో నిలబడే చదివింది. పొరపాటును సరిదిద్దుకుంటున్నామనీ, తిరిగి పనిలోకి రావాలనీ, కార్యదర్శి క్షమాపణ కోరుతున్నదనీ ఉంది. చదివి, నాలుగు మడతలు పెట్టింది.

“నేను రాను వదినా. ఆ పిల్లలకు ఇంకెవరినైనా చూడండి.”

“బడి మీద కోపం ఇంకా పోలేదా?”

“బడి మీద ఎప్పుడో పోయింది. నీ మీదే పోలేదు.”

ఆమె తలూపింది. మెట్లు దిగి, చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే, “ఎప్పటికి పోతుంది?” అని అడిగింది.

“తెలియదు.” మట్టి టీచర్ తలుపు సగం వేసింది, మళ్ళీ ఆగింది. “వస్తూ ఉండు. పోయిన రోజు చెప్తాను.”