పేజీ తెరుచుకోని మధ్యాహ్నాలు

మొగుడు వీరేందర్ అన్నం డబ్బా పట్టుకుని గనిలో రెండో షిఫ్టుకు వెళ్లిపోయాక ఆ క్వార్టర్లో నోరున్నవి రెండే మిగిలేవి. ఒకటి కూలరు. దానిది ఎప్పుడూ ఒకటే పాట. రెండోది కంప్యూటరు. అది ఈమధ్య మాటలు మానేసింది. తెల్లటి తెర చూపించి, ఈ పేజీని చూపించడం కుదరదని ఇంగ్లీషులో మొహం చాటేస్తోంది.

"నువ్వు గూడ మొదలువెట్టినవా?" అని అడిగింది మమత దాన్ని.

ఆ కంప్యూటరు కూతురి చదువు కోసం కొన్నది. కూతురు ఇంటర్మీడియట్ హాస్టల్‌కు వెళ్లిపోయింది, కంప్యూటరు తల్లికి దక్కింది. మమతది బీఎస్సీ కెమిస్ట్రీ. పెళ్లయ్యాక ఆ చదువు చింతపండుతో రాగిచెంబు తోమడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. అందుకని ఒక తెలుగు సైటులో, జిల్లాకొక కబుర్ల గది ఉంటే, "కరీంనగర్ అరుగు" అనే గదిలోకి వెళ్లి కూర్చుంది. పేరు "పచ్చిపులుసు" అని పెట్టుకుంది. అక్కడున్న వాళ్లంతా దుబాయి, ముంబయి, హైదరాబాదు. నువ్వెక్కడ అని అడిగారు. గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లో అని రాయబోయి, ఎందుకో వేళ్లు దురద పెట్టి "బెంగళూరు" అని కొట్టింది.

ఒకసారి బెంగళూరులో కాపురం పెట్టాక ఊరికే ఖాళీ చేయలేం కదా. బయట రామగుండం ఎండ రేకుల్ని కాలుస్తుంటే, తలమీద తడి తువ్వాల వేసుకుని, "ఇక్కడ చలి, స్వెటర్ ఏసుకున్న" అని రాసేది.

ఆ అరుగు మీద భోజనాల తర్వాత మిగిలేది ఒక్కతే. పేరు "సర్వపిండి". ఉండేది పుణెలోనట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, ఇద్దరూ పప్పులో ఉప్పు దగ్గరి నుంచి మొగుళ్ల గురక దాకా అన్నీ మాట్లాడుకున్నారు. సర్వపిండి చెప్పిన వాటిలో ఒకటి మమతకు బాగా గుర్తుండిపోయింది.

"మా ఎదురింట్ల ఒకామె ఉన్నది. గవర్నర్ పెండ్లాం లెక్క నడుస్తది. ఎవ్వరిని పలకరియ్యది. కని బట్టలు ఆరేసేటప్పుడు తనలో తానే మాట్లాడుకుంటది, నవ్వుకుంటది. పాపం, ఎవ్వరు లేరనుకుంట ఆమెకు."

"నువ్వన్న పలకరియ్యరాదు?" అని రాసింది మమత.

"ఎట్ల? నాకే సిగ్గు."

పుణెలోని ఆ ఎదురింటామె మీద మమతకు ఒక పూటంతా జాలి వేసింది.

ఇప్పుడు ఆ సైటు మూతపడబోతోంది. శనివారం సాయంత్రంతో సెలవు అని మొదటి పేజీలోనే పెట్టారు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే సరిపోయేది. కానీ నంబరు ఇస్తే ఎస్టీడీ కోడు దగ్గరే బెంగళూరు కూలిపోతుంది. నిజం చెప్పి నంబరు ఇద్దామని రోజూ అనుకునేది. సర్వపిండి కూడా నంబరు మాట ఎత్తేది కాదు, ఎందుకో. తీరా మమత ధైర్యం కూడగట్టుకునే సరికి, సరిగ్గా సర్వపిండి వచ్చే వేళకే పేజీ తెరుచుకోవడం మానేసింది. పొద్దున తెరుచుకునేది, అప్పుడు అరుగు ఖాళీ. మాపటికి మళ్లీ వచ్చేది, అప్పటికి సర్వపిండి ఉండేది కాదు. "ఎటు పోయినవ్? నా నెట్టు గూడ సతాయిస్తున్నది" అని ఆమె రాసిపెట్టిన మాట మాత్రం ఉండేది.

మమత ఊరుకోలేదు. రిఫ్రెష్ కొట్టింది. పాత హిస్టరీ అంతా ఊడ్చేసింది. కుకీలు తుడిచేసింది. ఇంకో బ్రౌజరు తెచ్చి పెట్టింది, అదీ ఇదే మాటను కాస్త మర్యాదగా చెప్పింది. అప్పుడు తెలివి వచ్చి వార్తల సైటు తెరిచి చూసింది. అదీ రాలేదు. ఏ సైటూ రాలేదు. మోడెం మీద పచ్చగా నిలబడాల్సిన లైటు కొట్టుకుంటోంది.

"ఓహో, సైటుది కాదు తప్పు. లైనుది," అంది మోడెంతో.

టెలిఫోన్ ఆఫీసు నుంచి వచ్చిన లైన్‌మన్ పేరు రాయమల్లు. కోరుట్ల నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. మొదట పొద్దున వచ్చి, "మంచిగనే ఉన్నది గద మేడం" అని వెళ్లిపోయాడు. శుక్రవారం నాడు మమత పట్టుబట్టి భోజనాల వేళ దాటాక రప్పించింది. ఇప్పుడూ పేజీలు చక్కగా వస్తున్నాయి.

"సూడుండ్రి, పోతుందా?" అన్నాడు రాయమల్లు, కుర్చీలో కూర్చుని ఆమె ఇచ్చిన చాయ్ అందుకుంటూ. "మీరు ఊకె ఫికర్ వెట్టుకుంటున్నరు."

"జర ఆగు అన్నా. దానికి మనుషుల ముంగట సిగ్గు."

దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గుగని సైరన్ మోగింది. కాసేపటికి నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. కిటికీ రెక్కలు టపటపలాడాయి, వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. రాయమల్లు చాయ్ చొక్కా మీద ఒంపుకుని బల్ల కిందికి దూరాడు.

"ఏందది! భూకంపమా?"

"ఏం లే. బ్లాస్టింగు," అంది మమత, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

"గిట్ల రోజూ ఐతదా?"

"ఏమో, ఐతనే ఉంటది. ఎవరు జూస్తరు?"

అన్నదే కానీ, తన ఎడమ చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూసుకుంది. అది బల్ల మీది తన చాయ్ గ్లాసును ఒలకకుండా పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో తనకు తెలియదు. తను గమనించడం మానేసి ఏళ్లయింది, చెయ్యి మానలేదన్నమాట. తల ఎత్తి చూస్తే తెర మీద తెల్లటి పేజీ. మోడెం లైటు కొట్టుకుంటోంది.

"రాయమల్లన్నా," అంది మెల్లగా. "బ్లాస్టింగుకే పోతున్నది."

అతను బయటికి వెళ్లి రెండు వరుసల మధ్య ఉన్న స్తంభం ఎక్కాడు. పెట్టెలో జాయింటు వదులైందట. అదురుకు తీగ పక్కకు జరుగుతోంది. మాపటికి గాలికో, చల్లబడో మళ్లీ తాకుతోంది.

"మంచిగ కొత్త జాయింటు ఎయ్యాలె. రేపు సామాను తెస్త," అన్నాడు దిగి. "ఎదురు వరుసల యేసుబాబు సార్ ఇంటికి గూడ గీ పెట్టెలకెల్లే లైను. ఆ మేడం రోజు ఫోన్ జేసి తిడుతున్నది. శనివారం లోపల కాకపోతే ఇగ రాకు, నాకు అవసరమే లేదు అన్నది. శనివారం ఏమున్నదో ఏమో!"

మమత ఎదురు వరుస వైపు చూసింది. యేసుబాబు కంపెనీ ఆఫీసులో క్లర్కు. ఆయన భార్య సుజిత ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తప్ప గడప దాటగా మమత చూడలేదు. ఎంత పొగరో అనుకునేది. ఆ తలుపు మూసి ఉంది. పక్కన కిటికీ ఉంది. ఆ కిటికీకి సూటిగా తన దండెం ఉంది.

రాత్రి వీరేందర్ అన్నం తింటుంటే అడిగింది. "నేను బట్టలారేసేటప్పుడు మాట్లాడుకుంటనా?"

"బట్టలప్పుడేంది, గిన్నెలప్పుడు గూడ," అన్నాడు వీరేందర్. "పప్పు ఇంకింత ఎయ్యి."

శనివారం మధ్యాహ్నం మండే ఎండలో బట్టలు ఆరేసుకునే పని ఎవరూ పెట్టుకోరు. మమత పెట్టుకుంది. నోరు మెదపకుండా ఆరేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సైరన్ మోగింది. నేల అదిరింది. దండెం మీద చీర వణికింది. ఎదురు తలుపు భళ్లున తెరుచుకుని సుజిత బయటికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని స్తంభాన్ని కోపంగా చూసింది.

"పోయిందా?" అంది మమత, నోట్లో క్లిప్పుతోనే.

సుజిత ఉలిక్కిపడింది. "ఏంది?"

"లైను. పుణెల గూడ పోయిందా అని."

సుజిత మొహంలో రంగు మారింది. దండెం వైపు, చీర వైపు, మమత నోట్లో క్లిప్పు వైపు చూసింది. గబుక్కున లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మమత తడి చీర చివర పట్టుకుని అలాగే నిలబడింది. ఎకసెక్కం ఆడకుండా మామూలుగా పలకరిస్తే ఏం పోయేది? ఇంతకన్నా పేజీ తెరుచుకోకపోవడమే నయం. దానికైతే రిఫ్రెష్ ఉంది.

రాయమల్లు నిచ్చెనతో వచ్చి జాయింటు మార్చాడు. పైనుంచే రెండు వరుసలకూ వినిపించేలా, "వచ్చింది, సూసుకోండ్రి!" అని అరిచాడు.

మమత లోపలికి వెళ్లి కూర్చుంది. అరుగు తెరుచుకుంది. సర్వపిండి ఉంది.  తెర పైన సైటు వాళ్ల వీడ్కోలు మాటలు పాకుతున్నాయి. చివరికి సర్వపిండి రాసింది.

"నేను అన్న మాట. ఆ బట్టల ముచ్చట. మనసుల వెట్టుకోకు అక్కా."

మమత రాసింది. "గవర్నర్ పెండ్లాం అన్నందుకు సంతోషమే."

మమత కుర్చీ ముందుకు జరుపుకుంది.

"బెంగళూరుల చలి ఎట్లున్నది?" అని వచ్చింది.

"చచ్చేటంత ఉన్నది. స్వెటర్ పిండి ఆరేసిన, సూడలే?"

కాసేపు చూసి, "నా తలుపు తీసే ఉంటది" అని కొట్టింది. అది వెళ్లిందో లేదో తెలియలేదు. సైటు వాళ్లు అనుకున్న వేళకు ముందే కట్టేసినట్టున్నారు. తెల్లటి పేజీ వచ్చేసింది. చూపించడం కుదరదంది.

మోడెం లైటు మాత్రం పచ్చగా నిలబడి ఉంది. ఈసారి లైనుది కాదు తప్పు.

మమత రిఫ్రెష్ కొట్టలేదు. లేచి వెళ్లి ముందు తలుపు బార్లా తీసింది. వేడిగాలి, దాంతోపాటు సన్నని బొగ్గుపొడి లోపలికి వచ్చాయి. పొద్దున తుడిచిన గచ్చు. మామూలు రోజైతే తిట్టేది. కూలరు కట్టేసింది, బయటి చప్పుడు వినపడాలని. ఇల్లు ఎంత నిశ్శబ్దమో ఆమెకు చాలా రోజుల తర్వాత వినిపించింది.

చాలాసేపటి తర్వాత, ఎదురు వరుసలో గొళ్లెం తీసిన చప్పుడైంది.