మంచు పెళ్లకు పెట్టిన పేరు

గిన్నెలు తోముతుంటే మా ఆయన నా ఫోన్ తెచ్చి కళ్ల ముందు పెట్టాడు. మా ల్యాబ్ కంప్యూటర్ కొత్త రకం వైరస్‌ను పట్టుకుందట, మధ్యాహ్నం ప్రకటన అట. డైరెక్టరుగారు ల్యాబ్‌లో అందరికీ పంపిన ఫొటో కనిపిస్తోంది.

"ఏడేళ్లు కళ్లు పొడుచుకుని చూశావు, నీకు దొరికిందా? మెషీన్‌కి ఒక్క నెల పట్టింది."

సబ్బు చేతులతోనే చూశాను. వైరస్ కాదు. మంచు పెళ్ల.

నా పని చెబుతాను. వైరస్ ఉన్న ద్రవాన్ని గడ్డకట్టించి మైక్రోస్కోపుతో ఫొటోలు తీస్తారు. అందులో వైరస్ ఉన్న ప్రతిచోటా నేను గుండ్రంగా గీత గీస్తాను. ఆ గీతలు చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది. మంచు పెళ్లలు కూడా నల్లగా, గుండ్రంగానే ఉంటాయి, వాటిని వదిలెయ్యాలి. అంతే పని. అత్తయ్య ఇంటికొచ్చినవాళ్లతో "మా కోడలిది సున్నాలు చుట్టే ఉద్యోగం" అంటుంది. డైరెక్టరుగారైతే "మెషీన్ తనంతట తానే నేర్చుకుంది" అని సభల్లో చెబుతారు. ఆడది పెంచిన ప్రతిదీ లోకానికి దానంతట అదే పెరుగుతుంది.

ఆ మధ్య అత్తయ్య తుంటి విరిగి మంచం పట్టినప్పుడు ఆమెను పక్కకు తిప్పడం, బెడ్‌పాన్ పెట్టడం, పక్క మార్చడం అన్నీ నేనే. ల్యాబ్ గడువు నెత్తిమీదికొచ్చింది. ఆయన "ఇదేమన్నా బ్రహ్మవిద్యా, లే" అని ఇంట్లో నా కంప్యూటర్ ముందు, నా కుర్చీలో కూర్చుని ఒక్క ఆదివారంలో మూడు వందల ఫొటోలు చుట్టేశాడు. నల్లగా కనబడిన ప్రతిదాన్నీ చుట్టాడు. "పాపం, వాడు నీ పని కూడా చేస్తున్నాడే" అని అత్తయ్య మంచం మీంచి జాలిపడింది. ఆ తల్లికి చేసేది ఆ కొడుకు పని అని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నడుం లేవక, ఆ ఫొటోలు తిరిగి చూడకుండానే పంపేశాను.

"ఇది మీరు చుట్టిన మంచు, మెషీన్ నేర్చుకుంది అదే," అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఎవరికి తెలుస్తుంది?"

"దీన్ని నమ్మి మందు కోసం వెతకడం మొదలుపెడతారు. ఏళ్లకేళ్లు."

"వెతకనీ, నీకేం పోయింది? ఇంట్లోవాడికి పనిచ్చావని తెలిస్తే రేపటికల్లా నిన్ను గేటు బయట పెడతారు. నోరు మూసుకుంటే అందరం బాగుంటాం."

భయం వేస్తుందేమోనని ఆగి చూశాను. వెయ్యలేదు. కోపమూ రాలేదు. కుళాయి నీళ్లు కాలిపోతున్నాయని, చేతులు ఎర్రబడ్డాక గాని తెలియలేదు. ఎన్నాళ్లుగా ఇలా ఉన్నానో.

చేతులు తుడుచుకుని వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డైరెక్టరుగారికీ, ల్యాబ్‌లో అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాసి పంపేశాను.

"ప్రకటన ఆపండి. అది వైరస్ కాదు, మంచు. ఆ మూడు వందల ఫొటోల్లో గీతలు గీసింది మా ఆయన. సరిచూడకపోవడం నా తప్పు. తక్కిన నలభై వేల ఫొటోల్లో గీసింది నేను. వాటిలో ఒక్క తప్పు చూపించి, అప్పుడు నన్ను తీసెయ్యండి."