డైరెక్టరుగారి ప్రశాంతత

తలలోకి కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, మెదడులో రక్తం కదలికను చూపించే టోపీ ఆ ల్యాబుకు వచ్చింది. తొలి పరీక్ష తనకే చేయాలని డైరెక్టరుగారు పట్టుబట్టారు. జుట్టు పాయలు తీసి టోపీలోని దీపాలను చర్మానికి ఆనించాలని టెక్నీషియనమ్మకు తెలుసు. కానీ ఆయనది విగ్గు. ఆ మాట ఎత్తే దమ్ము అక్కడ ఎవరికీ లేదు. ఆమె విగ్గు మీదే టోపీ బిగించింది. కాంతి తలలోకి చేరక, తెరమీద గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది.

“చూశారా, ఎంత ప్రశాంతమైన మెదడో!” అన్నారు డైరెక్టరుగారు.

“మీకు కాక ఇంకెవరికుంటుంది సార్!” అంటూ మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఆ గీతకు ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టమన్నారు. టెక్నీషియనమ్మకు ఒళ్లు మండింది. ఆయన గీతకు బదులు, పొద్దున యంత్రాన్ని సరిచూడటానికి ప్లాస్టిక్ బొమ్మ తలకు తీసిన, అంతే తిన్నని గీతకు ఫ్రేము కట్టించింది.

డైరెక్టరుగారు రోజూ దాన్ని చూసి మురిసిపోతున్నారు.