జంతికలు మెత్తబడేలోగా

మే నెల పదో తారీఖు దాటిపోయింది. రత్నమణి గారికి ఇంకా ఒక్క కష్టమూ దొరకలేదు.

తన కష్టం కాదు, ఆవిడకి కావలసింది ఇతరులది. సీతమ్మధారలో వాళ్ళ చర్చి స్త్రీల సమాజంలో పరామర్శ డ్యూటీ అని ఒకటుంది. నెలకొకరు. ఆ నెలలో సంఘంలో ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా, డ్యూటీలో ఉన్నావిడ ఓ ఐదారుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, పిండివంటల డబ్బా పట్టుకుని వెళ్ళి, ఒక పాట పాడి, ప్రార్థన చేసి, టీ తాగి రావాలి. నెలాఖరు శనివారం మీటింగులో లేచి నిలబడి, ఎన్నిళ్ళు తిరిగిందో రిపోర్టు చెప్పాలి. మే నెల రత్నమణి గారిది.

ఆవిడ పద్ధతి గల మనిషి. "కష్టం వచ్చేక పిండి కలుపుతారేటి? జంతికలయ్యేసరికి ఆళ్ళ కష్టం అయిపోద్ది," అంటుంది. అందుకే ఒకటో తారీఖునే రెండు కేజీల జంతికలు, వంద సున్నుండలు, ఒక డబ్బాడు చేగోడీలు చేసి టేబుల్ మీద వరసగా పెట్టేసింది. ఏ కష్టానికి ఏ వంటో ఆవిడ దగ్గర లెక్కుంది. మనిషి పోయిన ఇంటికి తీపి తీసుకెళ్ళకూడదు, జంతికలే. ఆపరేషన్ అయితే సున్నుండలు, పెద్దగా నమలక్కర్లేదు. కామెర్లయితే ఏవీ లేవు, ప్రార్థన ఒక్కటే. ఉద్యోగం పోతే మాత్రం మూడు రకాలూ పట్టుకెళ్ళాలి, ఎందుకంటే అందరూ ఇంట్లోనే ఉంటారు.

చిక్కల్లా విశాఖపట్నం గాలితోనే. ఈ గాలికి జంతిక ఇరవై రోజులు మించి కరకరలాడదు. ఆ తర్వాత అది జంతికే గానీ పరామర్శకి పనికిరాదు.

పైగా ఏప్రిల్ నెల కేథరిన్ గారిది. ఆవిడ రిటైరైన టీచరు. ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలన్నిటి మీదా 'కేథరిన్, ఎం.ఏ.' అని పేరు కొట్టించుకుంది, డబ్బాలు కూడా ఆవిడతో పాటు పరీక్ష రాసినట్టు. ఏప్రిల్లో ఆవిడకి రెండు ఆపరేషన్లు, ఒక చావు, మేడ మెట్ల మీంచి జారిపడ్డ కేసొకటి తగిలాయి. మొత్తం నాలుగిళ్ళు. రిపోర్టు చెప్తుంటే హాలంతా నిట్టూర్చింది. మే నెల చూస్తే జనం ఆరోగ్యంగా, అన్యాయంగా ఉన్నారు.

పదకొండో తారీఖున రత్నమణి గారు డైరీ ముందేసుకుని ఫోన్లు మొదలెట్టింది. మొదటి ఫోను ఎడ్వర్డ్ గారికి. ఆయనకి హెర్నియా ఆపరేషన్ ఉందని ఆవిడ ఆశ.

"ఎలాగున్నారన్నయ్యా?"

"బావున్నానమ్మా."

"ఆపరేషన్ ఈ నెల్లోనే కదా?"

"డాక్టరు గారు సెలవెట్టి ఊరెళ్ళేరు. జూన్లో సేత్తారంట."

"అంతదాకా ఆగడమేటండీ, ఊళ్ళో ఇంకో డాక్టరే లేనట్టు."

"నొప్పేం లేదమ్మా," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

పేపరు చదువుతూ వింటున్న విజయరత్నం గారు, అంటే ఆవిడ భర్త, పోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఎవరో ఒకరు మంచం పట్టేదాకా నువ్వు ఊరుకోవేటి?"

"నాను పట్టమన్నానేటండీ? పడితే రెడీగా ఉన్నానంటన్నాను."

తర్వాత సన్నీ వాళ్ళమ్మకి చేసింది. ఆవిడ ఫోను ఎత్తలేదు. కారణముంది. సన్నీకి ఇంజినీరింగులో మూడు సబ్జెక్టులు పోయినప్పుడు రత్నమణి గారు మీటింగులో లేచి, ఆ మూడిటి పేర్లూ విడివిడిగా చదివి, ప్రార్థన చేయమంది. అప్పట్నుంచి ఆ కుర్రాణ్ణి చర్చిలో అందరూ 'మాథ్స్ త్రీ' అని పిలవడం మొదలెట్టారు. వాళ్ళింటిల్లిపాదీ ఇప్పుడు వేరే చర్చికి వెళ్తున్నారు. కుర్రాడు తర్వాత పాసయ్యాడు గాబట్టి, చేసిన మేలు గుర్తుపెట్టుకోని మనుషులని రత్నమణి గారి అభిప్రాయం.

చివరికి పెందుర్తిలో ఉన్న కూతురు ఎవాంజలిన్‌కి చేసింది.

"అక్కడెవరికైనా ఏటైనా ఇబ్బందా?"

"ఏం లేదమ్మా," అంది ఎవాంజలిన్. అడగడం అవకముందే అంది.

"కెన్నీ ఎలాగున్నాడు?"

"బిజీ."

రత్నమణి గారు డైరీలో 'పెందుర్తి: ఏం లేదు' అని రాసుకుంది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున్న ఒక జంతిక తీసి విరిచి చూసింది. చప్పుడు రాలేదు. ఇంక లాభం లేదు, పరాయివాళ్ళకెలాగూ రాసిపెట్టి లేదు, కూతురూ, అల్లుడు కెన్నీ అయినా తింటారు అనుకుని, మూడు డబ్బాలూ సంచిలో సర్ది, ఫోనైనా చేయకుండా బస్సెక్కేసింది.

పదకొండింటికి పెందుర్తిలో దిగింది. ఎవాంజలిన్ తలుపు తీసి, ముందు తల్లిని చూసింది, తర్వాత సంచిని చూసింది. సంచిని చూసినప్పుడు మొహం మారింది. రత్నమణి గారు అది గమనించలేదు. కూతురింట్లో చెప్పులు విప్పడం, వంటింట్లోకి పోవడం ఆవిడకి ఒకటే పని. డబ్బా పెడదామని అల్మరా తలుపు తీసింది. అక్కడ, కందిపప్పు డబ్బా పక్కన, ఇంకో స్టీలు డబ్బా ఉంది. దాని మీద 'కేథరిన్, ఎం.ఏ.' అని ఉంది.

రత్నమణి గారు దాన్ని కిందకి దించి మూత తీసింది. అడుగున నాలుగు చెక్కలు. ఒకటి విరిచింది. చప్పుడొచ్చింది.

"ఇది ఇక్కడికెలా వచ్చిందే?"

"కేథరిన్ ఆంటీ ఇచ్చేరు, ఏప్రిలాఖర్లో."

"ఎందుకిచ్చింది?"

"తినడానికమ్మా."

"కేథరిన్ సంగతి నాకు తెలీదేటి? కష్టం లేని ఇంటికి ఆవిడ సెక్క కాదు కదా, సెక్కపొడి కూడా పట్టుకెళ్ళదు. ఎవరు పోయేరు?"

"ఎవరూ పోలేదు. కెన్నీ ఉద్యోగం పోయింది."

కెన్నీ కంటైనర్ల కంపెనీలో సూపర్‌వైజరు. నిన్నటి దాకా రత్నమణి గారు అందరికీ మేనేజరని చెప్తోంది.

"ఎప్పుడు?"

"మార్చిలో."

"ఇప్పుడు మే."

"తెలుసమ్మా."

రత్నమణి గారికి మొట్టమొదట తట్టిన సంగతి ఏమిటంటే, కేథరిన్‌కి ఏప్రిల్లో నాలుగు కాదు, ఐదిళ్ళు. ఐదోది రిపోర్టులో చెప్పలేదు. ఆ తర్వాత గ్యాస్ బండ పక్కన స్టూలు మీద కూలబడింది.

"ఆవిడకి సెప్పేవు, నాకు సెప్పలేదు."

"సెప్పలేదు. ఆవిడే సూసేరు. కెన్నీ ఇప్పుడు బైకు టాక్సీ నడుపుతన్నాడు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆంటీ బైకు బుక్ సేసుకుంటే ఈయనే వెళ్ళేడు. మర్నాడు ఒక్కరే వచ్చి ఈ డబ్బా ఇచ్చెళ్ళేరు."

"మరి నాకు ఫోను సేసి సెప్తే నాను రానేటి?"

"వచ్చేదానివే. ఒక్కదానివే వచ్చేదానివా?"

రత్నమణి గారు ఆలోచించింది. ఒక్కత్తీ పరామర్శకి ఎలా వెళ్తారో ఆవిడకి తెలీదు. "ప్రార్థన సేయించేదాన్ని," అంది.

"పేరు సెప్పా, సెప్పకుండానా?"

"పేరు సెప్పకపోతే ఎవరి గురించో దేవుడికెలా తెలుస్తది?"

"దేవుడికి తెలుసమ్మా. సీతమ్మధారకి తెలియక్కర్లేదు." ఎవాంజలిన్ గొంతు పెంచలేదు. గిన్నె తోముకుంటూనే అంది. "మావయ్యకి గుండెకి స్టెంటేసి నెలన్నరైంది. ఏ టెన్షనూ పెట్టొద్దన్నారు. అత్తమ్మకి తెలిస్తే ఆయనకి తెలిసిపోద్ది. ఆవిడ మీ మీటింగులో రెండో బెంచీలో కూర్చుంటారు. ఉద్యోగం దొరికేక నాను, కెన్నీ వెళ్ళి సెప్తాం. నువ్వు మీటింగులో నోరు జారేవనుకో, కెన్నీ ఇంక మీ గడప తొక్కడు. నాకూ రావాలనిపించదు."

"నాను నోరు జారతానా?"

ఎవాంజలిన్ కుళాయి కట్టేసింది.

కెన్నీ ఒంటిగంటకి వచ్చాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది. అత్తగారిని చూసి గుమ్మంలో ఆగి, హెల్మెట్ వెనక్కి దాచబోయి, అంత పెద్ద వస్తువుని దాచలేక టీవీ మీద పెట్టాడు. రత్నమణి గారు జంతికల పళ్ళెం ముందుకి జరిపింది. అతను కూర్చుని తిన్నాడు.

"ఎలాగున్నాయి?"

"బావున్నాయి అత్తయ్యా."

బాగోలేవు. అబద్ధం చెప్పి పదకొండు తిన్నాడు. పాట లేకుండా, ప్రార్థన లేకుండా, చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు చూడకుండా తన జంతికలు ఒక మనిషి తినడం రత్నమణి గారు మొదటిసారి చూసింది. చూస్తే ఆకలేసినవాడు తిన్నట్టే ఉంది.

ఎన్ఏడీ దాకా అతనే దింపాడు. దారిలో ఏమీ అడక్కూడదని ఆవిడ గట్టిగా అనుకుంది. వేపగుంట దాకా ఆగగలిగింది.

"ఆ రోజు కేథరిన్ నీ బండెక్కినప్పుడు ఏటడిగింది?"

"స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పోనీమన్నారు."

"అంతేనా?"

"అంతే అత్తయ్యా. దిగేక ఐదు స్టార్లిచ్చేరు."

ఎం.ఏ. చదివితే ఇలాంటివి నేర్పుతారేమోనని రత్నమణి గారు ఎన్ఏడీ దాకా ఆలోచించింది.

నెలాఖరు శనివారం మీటింగుకి పాస్టరమ్మగారు వచ్చి కూర్చున్నారు. కేథరిన్ గారు మినిట్స్ పుస్తకం పట్టుకుంది. రెండో బెంచీలో కెన్నీ వాళ్ళమ్మ విసనకర్రతో విసురుకుంటోంది.

"రత్నమణి గారూ, మే నెల రిపోర్టు," అన్నారు పాస్టరమ్మగారు.

రత్నమణి గారు లేచింది. నోట్లో ఉన్నదల్లా ఒకటే వార్త. అలాంటి వార్త సమాజంలో చేరిన ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడకి చిక్కలేదు. ఉద్యోగం పోవడం, బైకు, మావగారి స్టెంటు, అన్నీ కలిపి చెప్తే హాల్లో ఒక్క కన్ను తడవకుండా ఉండదు.

"ఏం లేదమ్మగారూ. ఈ నెల కష్టాల్లేవు."

"ఒక్కటీ?"

"అందరూ బావున్నారు."

హాలు కొంచెం నిరాశపడింది. కెన్నీ వాళ్ళమ్మ విసనకర్ర ఆపింది. "మరి రెండు కేజీల జంతికలు సేసేరంట కదా వదినా, ఏటయ్యేయి? మొన్న సంచేసుకుని పెందుర్తి బస్సెక్కేరని మా పక్కింటావిడంది. మా కోడలికేటైనా బాలేదా?"

"పెందుర్తి బస్సు వేపగుంట కూడా వెళ్తది కదా వదినా. పనుండి వెళ్ళేను. జంతికలు మా ఆయన తినీసేరు."

"రెండు కేజీలూనా?"

"సున్నుండలు కూడా. వందా."

"అన్నయ్య గారికి షుగర్ కదా?"

"అదే కదా మరి," అంది రత్నమణి గారు. ఇంక ఆ వాక్యాన్ని ఎటు తిప్పాలో తెలీక అలాగే నిలబడింది.

కేథరిన్ గారి కలం ఆగింది. తలెత్తి రత్నమణి గారి వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ పుస్తకంలోకి వంగింది. "షుగరున్న మనిషి వంద సున్నుండలు తింటే అది కష్టమే కదండీ అమ్మగారూ. మే నెలలోనే రాసుకోమంటారా?"

రాసుకోమన్నారు. గురువారం నాలుగింటికి అందరూ రత్నమణి గారింటికి పరామర్శకి రావాలని తీర్మానమైంది.

ఇంటికొచ్చి ఆవిడ భర్తకి చెప్పింది. "గురువారం సాయంత్రం మీరు పడుకోవాలి."

"నాకేటయ్యింది?"

"వంద సున్నుండలు తిన్నారు. జంతికలు రెండు కేజీలు."

విజయరత్నం గారు పేపరు మడిచాడు. ఆవిడ మొహం చూశాడు. ఏదైనా వార్త ఉంటే ఆ మొహంలో ముందే కనబడుతుంది, ఇవాళ అది మూసిన తలుపులా ఉంది. "ఎవరి కోసం తిన్నానే?"

"అడక్కండి."

"చేగోడీలు కూడా నానేనా?" అన్నాడు.

"చేగోడీలెవరూ అడగలేదు."

గురువారం అంత ఎండలోనూ దుప్పటి గుండెల దాకా కప్పుకుని విజయరత్నం గారు పడుకున్నాడు. ఏడుగురు వచ్చారు. మంచం చుట్టూ కుర్చీలు చాలక ఇద్దరు డ్రెస్సింగ్ టేబుల్‌కి ఆనుకుని నిలబడ్డారు. నాలుగు చరణాల పాట పాడారు. కేథరిన్ గారు పంచదార వేయని రాగి బిస్కెట్ల డబ్బా తలదగ్గర పెట్టింది.

"ఎలాగుందన్నయ్య గారూ?" అన్నారు పాస్టరమ్మగారు.

"బావున్నానమ్మా. నాకేం లేదు."

"సూసేరా, ఎంతలా దాసుకుంటన్నారో," అంది కెన్నీ వాళ్ళమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. ప్రార్థన తనే చేస్తానంది. చాలాసేపు చేసింది. విజయరత్నం గారి షుగరు తగ్గించమంది, నోరు కట్టుకునే శక్తి ఇమ్మంది, తన భర్త గుండెని కాపాడమంది. ఆఖర్న, అదే ఊపిరిలో, పెందుర్తిలో ఉన్న పిల్లల్ని జ్ఞాపకం చేసుకుంది. మా కెన్నీ ఆఫీసులో రాత్రీ పగలూ కష్టపడుతున్నాడు ప్రభువా, ఫోను చేస్తే ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటున్నాడు, వాడికి ఈ సంవత్సరమైనా ప్రమోషన్ ఇప్పించు అంది.

రత్నమణి గారు కళ్ళు తెరవలేదు. పెదాలు లోపలికి మడిచి పెట్టుకుంది. దుప్పటి కింద భర్త కాలి వేలు ఆవిడ మోచేతికి ఒకసారి తగిలింది.

"ఆమెన్," అంది, అందరికన్నా గట్టిగా, ఒక క్షణం ముందే. అని, టీ పెట్టడానికి లేచింది.