వెచ్చటి గుడ్డ

పెట్టె కాగిందో లేదో చూడటానికి ఇస్త్రీ పెద్దమ్మ ఎప్పటిలాగే వేలు తడిచేసి అడుగున తాకించింది. చుయ్యిమంది. అపార్ట్‌మెంటు మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఆవిడ బల్ల. డెబ్బై దాటాయి. నడుము ఒక పక్కకు ఒరిగింది గాని, చేతిలో పెట్టె మాత్రం తిన్నగానే నడుస్తుంది. ప్యాంటుకు రెండు మడతలు పడ్డాయని ఒకసారి సణిగిన పాపానికి, పై అంతస్తు ఆయన అప్పటినుంచీ ఆవిడ నోట 'రెండు మడతల మాస్టారు' అయిపోయాడు.

నడుంనొప్పికి మాత్రలు పనిచేయడం మానేశాక డాక్టరు మందుపట్టీ రాశాడు. నడుముకు అంటిస్తే అందులోని మందు మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. అది వచ్చాక ప్రాణం లేచివచ్చింది. కాకపోతే తల దిమ్ముగా ఉండేది, నిలబడ్డచోటే కునుకు పట్టేది. పోయిన వారం బల్ల పక్కనే తూలి పడింది. చెక్కుకుపోయిన మోచేయి చూసి కూతురు నెత్తీ నోరూ బాదుకుంది.

"ఇంకోసారి పడ్డావంటే ఈ బల్ల ఎత్తించేస్తానమ్మా. రెండు ముద్దలు నేను పెట్టలేనా?"

"పెడతావులేవే. కూర్చుని తింటే నాకు అరగొద్దూ?"

కూతురు నవ్వలేదు. పెద్దమ్మకు చావు కన్నా ఊరికే కూర్చోవడమంటేనే భయం. అందుకే కళ్ళు తిరుగుతున్నాయా అని డాక్టరు అడిగితే, "లేదు బాబూ, రాయిలా ఉన్నాను" అంది. నిజం చెబితే పట్టీ ఆపేస్తాడు. పట్టీ లేకపోతే నిలబడలేదు.

మధ్యాహ్నానికి నడుము మళ్ళీ పీకడం మొదలైంది. పాత దుప్పటి ముక్కను మడిచి, పెట్టెతో వేడిచేసి, సరిగ్గా పట్టీ మీదే పెట్టుకుని కొంగుతో బిగించింది. పట్టీకి వేడి తగిలితే మందంతా ఒక్కసారే దిగి ప్రమాదమని మందులషాపతను చెప్పే ఉన్నాడు. ఆవిడ తలాడించింది కూడా. కాని బతుకంతా కాలే పెట్టె ముందు నిలబడ్డ మనిషి, గుడ్డ వెచ్చదనాన్ని వేడి కింద జమకట్టుకుంటుందా?

నొప్పి తగ్గింది. ఇంకో రెండుసార్లు కాపుకుంది. కళ్ళు మూతలు పడసాగాయి. పెట్టె ఆపి నిలబెట్టింది. మాస్టారు మెట్లు దిగుతూ ఆగాడు.

"నిద్దరొస్తుంటే కాసేపు కూర్చోవచ్చుగా పెద్దమ్మా."

"అమ్మో, మా అమ్మాయి చూసిందంటే ఇంక లేవనివ్వదండీ."

మాట ముద్దగా వచ్చింది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ మంచినీళ్ళ కోసం వెనక్కి తిరిగింది. మోకాళ్ళు మడతపడ్డాయి. తల మెట్టు అంచుకు తగిలి, గోడవారగా ఒరిగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

ఆ మధ్యాహ్నం మెట్లు ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ, పాపం పెద్దమ్మ కునుకు తీస్తోందనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళారు.

సాయంత్రం పనినుంచి వచ్చిన కూతురూ అలాగే అనుకుంది. "నేలమీద పడుకున్నావేంటమ్మా?" అంటూ వంగి చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది. తనే పగలంతా పక్కన కూర్చుని ఉంటే బాగుండేది. ఆ చేతిని వదలకుండా అక్కడే కూలబడింది.

బల్లమీద ఎవరో పిల్లాడి బడిచొక్కా పరిచి ఉంది. ఒక చెయ్యి నున్నగా ఇస్త్రీ అయింది, రెండోది ముడతలతో బల్ల అంచునుంచి కిందికి వేలాడుతోంది.