వెళ్ళొస్తా

పొద్దున్నే ఆ వీధిలో ఏ గుమ్మం ముందు నిలబడినా వినపడేది ఒకటే మాట, "వెళ్ళొస్తా." కట్టెలకు వెళ్ళేవాడూ అదే అంటాడు, తేనెకు వెళ్ళేవాడూ అదే అంటాడు. మర్యాద కోసం కాదండోయ్, ప్రాణం కోసం. ఆ వీధి చివరే దేశం అయిపోతుంది, అక్కణ్ణుంచి అంతా అడవి. వెళ్ళొస్తానన్నవాణ్ణి అడవి సాయంత్రానికల్లా ఇంటికి చేరుస్తుంది. కట్టెల మేస్త్రీని పులి పట్టినప్పుడు కూడా, చెయ్యి పోతే పోయింది గానీ, దీపాలవేళకు మనిషి గుమ్మంలో ఉన్నాడు. టైలరు మాత్రం పెళ్ళాంతో గొడవపడి "పోతున్నానే!" అని అరిచి అడవి దారి పట్టాడు. సగం కుట్టిన చొక్కా ఇంకా మిషను మీదే ఉంది. అలా వెళ్ళినవాళ్ళు చచ్చారో, అవతలి రాజ్యంలో హాయిగా ఉన్నారో ఎవరికీ తెలీదు.

ఏదైనా ఈ కొంపకంటే నయమే అనుకుంది గేటాయన పెళ్ళాం.

గేటాయనంటే అడవి గేటు దగ్గర కాపలావాడు. వీధిలో అందరికీ మంచివాడే. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు తక్కువైతే కంచాన్ని గోడకేసి కొడతాడు, సరిపోతే పెళ్ళాన్ని కొడతాడు. ఒకసారి అడ్డం వెళ్ళి వాళ్ళమ్మ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏ తల్లి కన్నదో వీణ్ణి అని తిట్టుకుందామన్నా, పాపం, కన్నది ఆవిడే.

ఆ రోజు పైఅధికారి పిలిస్తే గేటాయన పట్నం వెళ్ళాడు.

"అమ్మాయ్, గేటు దగ్గర ఇవాళ ఎవరూ లేరు," అంది అత్త, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "నీ బట్టలు సంచిలో సర్దాను."

"మరి మీరో అత్తయ్యా?"

"ముసలిదాన్ని, నన్నేం చేస్తాడు? ఇదిగో, గుమ్మం దాటేటప్పుడు మాత్రం నోరు కుట్టేసుకో. నేనిటు తిరిగి కూర్చుంటా."

గోడవైపు తిరిగి కూర్చుంది. కోడలు సంచి చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. చూడకపోయినా బాగుండేది. ముసలావిడ భుజాలు వణుకుతున్నాయి. కాపురానికొచ్చిన రోజు నుంచీ తన తల దువ్వుతున్న మనిషి.

"అత్తయ్యా, వెళ్ళొస్తా," అంది.

చిక్కుడుకాయల గిన్నె కింద పడింది.

అయినా వెళ్ళింది. అంత చిన్నగా అన్నది అడవికేం వినపడుతుందిలే అనుకుంది. మధ్యాహ్నానికి చెట్ల సందుల్లోంచి అవతలి రాజ్యం కనపడింది కూడా. తారు రోడ్డు, దాని మీద ఎవరో ఆడమనిషి పాట పాడుకుంటూ సైకిలు తొక్కుకుంటూ పోతోంది. ఇంకాస్త దూరమే. పరుగెత్తింది. కాలిబాట కుడికి తిరిగింది, మళ్ళీ కుడికి తిరిగింది, తిరిగి తిరిగి తమ పెరట్లోకే తెచ్చి దించింది.

"నోరు మూసుకుని పోలేకపోయావుటే, దిక్కుమాలినదానా!" అత్త తల బాదుకుంది.

"మీకు చెప్పకుండా ఎలా వెళ్తానత్తయ్యా?"

ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సంచి దాచేలోపే గేటాయన వచ్చేశాడు. విప్పి చూశాడు. కొడతాడనుకున్నారు. కొట్టలేదు, నవ్వాడు.

మర్నాటి నుంచి డ్యూటీకి బయల్దేరే ముందు పెళ్ళాన్ని గుమ్మంలో నిలబెడుతున్నాడు.

"అను."

"వెళ్ళొస్తా."

"గట్టిగా. అడవికి వినపడొద్దూ?"

ఎక్కడికీ వెళ్ళని మనిషి, అడవివైపు తిరిగి, గొంతెత్తి మళ్ళీ అంటుంది.