మళ్ళీ విత్తిన చేను

వరద సాయానికి పేర్లు రాసుకునే అధికారి వస్తాడని పొద్దున్నుంచీ గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా తలెత్తి చూసేదాన్ని. మా ఆయన మాత్రం తాపీగా కలుపు తీసుకుంటున్నాడు. ఇవాళే ఆఖరి రోజు. ఆ డబ్బు వస్తేనే వరదలో కొట్టుకుపోయిన నీళ్ళ మోటారు మళ్ళీ కొనగలం. మోటారు లేకపోతే జానెడెత్తు లేచిన ఈ మొక్కజొన్న ఎన్నాళ్ళు బతుకుతుంది?

మధ్యాహ్నం దాటాక అధికారి వచ్చాడు. ఫొటో తీయబోయి ఆగాడు.

"నష్టం ఎక్కడమ్మా? చేను పచ్చగా ఉంది కదా."

"ఇది మళ్ళీ వేసింది సార్. వరదకి పోయినదంతా పీకి, తగలబెట్టి, దున్ని విత్తాం."

"తగలబెట్టేముందు ఫొటో తీశారా?"

నేను మా ఆయన వంక చూసిన చూపుకి ఇంకొకరైతే మాడి మసైపోవాలి. కుళ్ళిన చేను కళ్ళముందుంటే ఆయనకు ముద్ద దిగదు. బురద ఆరీ ఆరకముందే దిగిపోయాడు. ఆగవయ్యా, ఎవరైనా వచ్చి చూసిపోనీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా! పక్కచేను వాణ్ణి అందరూ నిద్రమొహం అంటారు. వాడు పుల్ల కూడా కదపలేదు. వాడి పేరు రెండు నిమిషాల్లో ఎక్కింది.

అధికారి చెడ్డవాడు కాదు. కాసేపు తల గోక్కున్నాడు.

"కనిపించిందే తీయాలమ్మా, నా ఉద్యోగం అది. కాలువ అవతల రెండు చేలున్నాయి. గంటలో వస్తా. అప్పటికి ఈ మూల ఎలా ఉంటే అలా తీస్తా."

అధికారి కాలువ దాటాడో లేదో, నేను కొంగు బిగించి దిగాను. దొరికినవి దొరికినట్టు లాగి పారేశాను. ఒక్కో మొక్కా పుటుక్కున తెగుతుంటే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియలేదు.

మా ఆయన కాసేపు నిలబడి చూశాడు. తర్వాత గోనెసంచి తడిపి తెచ్చుకుని, పక్కనే కూర్చుని ఒక్కో మొక్కనే పీకసాగాడు.

"గంటే టైముంది. నువ్వేమో పూలు కోస్తున్నట్టు కోస్తున్నావు."

"నీ పని నువ్వు చూసుకో."

అధికారి వచ్చేసరికి ఆ మూల మట్టీ గుంటలూగా మిగిలింది. నాలుగు ఫొటోలు తీశాడు. పేరు ఎక్కించి, వేలిముద్ర వేయించుకుని, మా ముఖాలు చూడకుండానే బండెక్కాడు. గట్టు మీద కూలబడ్డాను. మోటారు వస్తుందన్న సంతోషం రావాలి కదా, రాలేదు.

మా ఆయన సంచి విప్పాడు. లోపల మొక్కలన్నీ వేళ్ళకు మట్టితో సహా ఉన్నాయి. గుంట తీసి ఒకటి నాటి, చుట్టూ మట్టి అదిమాడు. ఇంకొకటి నాటాడు.

నేను గబగబా వెళ్ళి, నేను పారేసినవి ఒళ్ళో ఏరుకొచ్చి ఆయన ముందు పోశాను. ఆయన ఒక్కోటీ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"వీటికి వేళ్ళు లేవే," అన్నాడు మెల్లగా.

బిందె తీసుకుని కాలువకు నడిచాను.